జెల్డాలో గ్లైడర్ ఎగరేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. వాడికి నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ మెషీన్ కొనిచ్చిన రోజు నుంచి నాకు వీడియో కాల్స్ ఎక్కువయ్యాయి. "మామయ్యా, మళ్ళీ పడిపోయా" అన్నదే వాడి పలకరింపు. ఆట నేనూ ఆడతాను కాబట్టి నేనే చెప్పాలి. వాడికి చెప్పినవి, వాడి ఫ్రెండ్స్ అడిగినవి, మా ఆఫీసులో కొత్తగా మొదలుపెట్టిన ఇద్దరు అడిగినవి అన్నీ కలిపి ఇక్కడ రాశాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న వెతుక్కుని చదవండి.

ఇది ఏ ఆట గురించి?

నింటెండో వాళ్ళ జెల్డా ఆటల్లో రెండింటి గురించి. మొదటిది బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, 2017 మార్చి 3న వచ్చింది. రెండోది దానికి కొనసాగింపు, టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్, 2023 మే 12న వచ్చింది. రెండింట్లోనూ మనం ఆడించే కుర్రాడి పేరు లింక్, దేశం పేరు హైరూల్. కింద "మొదటి ఆట", "రెండో ఆట" అని రాసినవి ఈ రెండే.

గ్లైడర్ ఎక్కడ దొరుకుతుంది? నాకింకా ఇవ్వలేదు.

మొదటి ఆటలో గ్రేట్ ప్లాటో అనే ఎత్తైన పీఠభూమి మీద నిద్ర లేస్తారు. అక్కడ గడ్డం తాత ఒకడు కనిపిస్తాడు. ఆయన దగ్గర పారాగ్లైడర్ (గాల్లో పట్టుకుని వేలాడుతూ మెల్లగా దిగే గుడ్డ) ఉంటుంది. "ఆ ష్రైన్‌లో ఉన్న నిధి తెచ్చివ్వు, ఇది ఇస్తా" అని బేరం పెడతాడు. ష్రైన్ అంటే పరీక్షలు పెట్టే చిన్న గుడి లాంటిది. తీరా తెచ్చాక మాట మారుస్తాడు, ఇంకో మూడు ష్రైన్‌లు చూసి రమ్మంటాడు. మొత్తం నాలుగు పూర్తయ్యాకే గ్లైడర్ చేతికొస్తుంది. తాత అలా ఎందుకు తిప్పించుకున్నాడో తర్వాత తెలుస్తుంది, ఆ సంగతి నేను చెప్పను. ఈలోగా తొందరపడి పీఠభూమి అంచు నుంచి దూకితే ప్రాణం పోతుంది. అందరం ఒకసారి దూకి చూసినవాళ్ళమే.

అసలు తిప్పలు రెండో ఆటలో. మొదలయ్యేది ఆకాశంలో తేలే దీవి మీద, కానీ అక్కడ గ్లైడర్ ఉండదు. దీవి మీద పనులన్నీ అయ్యాక కిందికి దూకుతారు, నీళ్ళలో పడతారు. ఇక ప్రపంచమంతా తెరుచుకుంది కదా అని చాలామంది నచ్చిన దిక్కుకు నడిచిపోతారు. మా వాడూ అంతే. మూడు రోజులు కొండలెక్కి, ప్రతి కొండ నుంచీ కాళ్ళీడ్చుకుంటూ దిగాడు. "గ్లైడర్ తీయరా" అంటే "అది ఈ ఆటలో లేదు మామయ్యా" అన్నాడు. ఉంది. హైరూల్ కోటకు దక్షిణంగా లుకౌట్ ల్యాండింగ్ అనే చిన్న ఊరుంటుంది. అక్కడ పూరా అనే ఆవిడతో మాట్లాడాలి. ఆవిడ పంపినట్టు కోట దగ్గరికి వెళ్ళి, అక్కడి సైనికుణ్ణి కలిసి, తిరిగి రావాలి. అప్పుడిస్తుంది. మొత్తం అరగంట పని. కథ తర్వాత చూద్దాంలే అనుకున్నా సరే, ఈ ఒక్కటి మాత్రం ముందు ముగించుకోండి.

ఎలా తెరవాలి, ఎలా మూయాలి?

ఎక్స్ బటన్ నొక్కితే గెంతుతాడు. గాల్లో ఉండగా మళ్ళీ ఎక్స్ నొక్కితే గ్లైడర్ తెరుచుకుంటుంది. బీ నొక్కితే మూసేస్తాడు. వేరే ఆటల అలవాటు కొద్దీ బీ నొక్కి గెంతేవాళ్ళు సెట్టింగ్స్‌లో ఈ రెంటినీ తారుమారు చేసుకోవచ్చు. నేను చేసుకోలేదు. చేసుకున్నవాళ్ళు కింద నేను ఎక్స్ అన్నచోటల్లా బీ అని చదువుకోండి.

మధ్యలో ఎందుకు పడిపోతున్నాను?

లింక్ పక్కన ఆకుపచ్చ చక్రం చూశారా? అదే స్టామినా. పరుగెత్తినా, కొండెక్కినా, ఈదినా, గ్లైడర్ పట్టుకుని వేలాడినా అందులోంచే ఖర్చవుతుంది. చక్రం ఖాళీ అయితే చేతులు వదిలేస్తాడు. ఆ తర్వాత మీరు ఎక్స్ ఎంత బాదినా లాభం లేదు.

కొత్తవాళ్ళు చేసే పొరపాటు గాల్లో జరగదు, నేల మీదే జరుగుతుంది. అంచు దాకా పరుగెత్తుకుంటూ వచ్చి, అదే ఊపులో దూకేస్తారు. పరుగుకే సగం చక్రం పోతుంది, మిగిలిన సగంతో ఎగరాల్సి వస్తుంది. అంచు దగ్గర ఆగండి. చక్రం నిండాక దూకండి. పరుగెత్తి దూకినందుకు ఒరిగేది పెద్దగా ఏమీ లేదు.

రెండో సంగతి, తిండి. గాల్లో ఉండగానే సంచీ తెరిచి తినొచ్చు. సంచీ తెరిస్తే ఆట ఆగిపోతుంది కాబట్టి తీరిగ్గా వెతుక్కోవచ్చు. స్టామెల్లా పుట్టగొడుగుల కూర లాంటివి ఖర్చైన చక్రాన్ని నింపుతాయి. ఎండ్యూరా క్యారట్, ఎండ్యూరా పుట్టగొడుగు వేసి వండితే ఇంకా మేలు. ఖాళీ అయిన చక్రం పూర్తిగా నిండుతుంది, పైన పసుపు రంగులో కొంత అదనంగా వస్తుంది. అందుకే ఎండ్యూరా వంటకాన్ని చక్రం నిండుగా ఉండగా తినడం దండగ. అడుగంటి ఎర్రగా కొట్టుకుంటున్నప్పుడు తినండి. ఒక్క క్యారట్‌తో చేసిన వంటకమైనా చాలు. నేను ఇలాంటివి అయిదారు చేసి సంచీలో పెట్టుకోకుండా పెద్ద దూకుడు ఏదీ దూకను.

మూడోది, చక్రాన్నే పెంచుకోవడం. ఒక్కో ష్రైన్ పూర్తి చేస్తే ఒక్కో బహుమతి వస్తుంది, వాటిని నాలుగేసి చొప్పున దేవత విగ్రహం దగ్గర ఇస్తే, గుండె (అంటే ప్రాణం) ఒకటో, చక్రంలో అయిదో వంతో కోరుకోవచ్చు. ఒక చక్రంతో మొదలై మూడు చక్రాల దాకా పెంచుకోవచ్చు. అంటే మొదటి ఆటలో చక్రాలన్నీ నిండటానికి 40 ష్రైన్‌లు పడతాయి, ఉన్నవి 120. గుండెలు ముందా, చక్రం ముందా అన్న గొడవ ఈ ఆట ఆడేవాళ్ళలో ఎప్పటికీ తెగదు. నా ఓటు చక్రానికే. ముందు రెండో చక్రం నిండనివ్వండి, గుండెల సంగతి తర్వాత.

ఎంత దూరం పోతానో దూకకముందే ఎలా తెలుస్తుంది?

గ్లైడర్ అంటే ఎగరడం కాదు, మెల్లగా పడటం. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే సగం నేర్చుకున్నట్టే. మీ దగ్గరున్న డబ్బు ఎత్తు. దాన్ని కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టి దూరం కొనుక్కుంటారు. ఎత్తు అయిపోతే ప్రయాణం అయిపోయినట్టే, స్టామినా ఎంత మిగిలినా సరే. కాబట్టి దూకేముందు చూసుకోవాల్సినవి రెండు: ఎత్తు చాలుతుందా, చక్రం చాలుతుందా.

ఎత్తు చాలుతుందో లేదో కనుక్కోవడానికి ఒక చిట్కా ఉంది. నిజం గ్లైడర్లు నడిపే పైలట్లు కూడా దిగేటప్పుడు ఇదే చూస్తారు. గ్లైడర్ తెరిచి, తిన్నగా గమ్యం వైపు పోనివ్వండి. కెమెరాను కదిలించకండి. ఇప్పుడు మీరు దిగాలనుకున్న చోటును తెర మీద గమనించండి. ఆ చోటు తెరలో మెల్లగా పైకి జరుగుతుంటే, మీరు అక్కడికి చేరరు, ముందే పడతారు. కిందికి జరుగుతుంటే, దాన్ని దాటి పోతారు, అంటే ఎత్తు మిగులుతుందన్నమాట. పైకీ కిందికీ జరగకుండా ఉన్నచోటే పెద్దదవుతుంటే సరిగ్గా అక్కడే దిగుతారు. నాలుగైదు సెకన్లు చూస్తే తెలిసిపోతుంది. చాలదని తెలిస్తే ఇంకా ఎత్తు చేతిలో ఉండగానే పక్కనున్న చిన్న గుట్ట మీద దిగి, ఎక్కి, మళ్ళీ దూకండి. చివరిదాకా లాగి చూద్దాం అనుకుంటే నది మధ్యలోనో శత్రువుల గుడారం నడిబొడ్డునో దిగుతారు.

దూరంగా కనిపించే చోటుకు ముందే దూరదర్శినితో పిన్ పెట్టుకోండి. గాల్లోకి వెళ్ళాక అన్ని కొండలూ ఒకేలా కనిపిస్తాయి.

పడితే చచ్చిపోకుండా ఏం చేయాలి?

గ్లైడర్ తెరిచిన క్షణంలో పడే వేగం పోతుంది. కాబట్టి ఎంత ఎత్తు నుంచి పడుతున్నా, నేల తాకేలోపు ఒక్క అర సెకను తెరిస్తే చాలు. పైగా ఊరికే పడుతున్నప్పుడు స్టామినా ఖర్చు కాదు. అందుకే నిట్టనిలువుగా కిందికి దిగాలంటే మొదట్నుంచీ గ్లైడర్ పట్టుకుని వేలాడొద్దు. వదిలేయండి, పడండి, చివర్లో తెరవండి. ఎప్పుడు తెరవాలంటారా? చెట్టు పచ్చటి ముద్దలా కనిపించినంతసేపు టైముంది. కొమ్మలు విడివిడిగా కనిపించడం మొదలయ్యాయంటే తెరిచేయాలి. ఇది నా లెక్క.

కింద లోతైన నీళ్ళుంటే గ్లైడర్ కూడా అక్కర్లేదు, ఎంత ఎత్తు నుంచి పడ్డా దెబ్బ తగలదు. లోతు లేకపోతే మాత్రం తగులుతుంది. పిల్లకాలువ చూసి మోసపోకండి.

చక్రం అయిపోయి, కింద రాళ్ళే ఉన్నాయనుకోండి. అప్పుడూ టెన్షన్ పడక్కర్లేదు. సంచీ తెరిచి ఎండ్యూరా వంటకం తినండి, మళ్ళీ ఎక్స్ నొక్కండి. తిండీ లేదా? మ్యాప్ తెరిచి, ఇదివరకు చూసిన ష్రైన్ ఏదో ఒకటి ఎంచుకుని అక్కడికి మాయమైపోండి. పడుతూ పడుతూ కూడా అది పనిచేస్తుంది. మా వాడికి ఈ సంగతి చెప్పిన రోజు పదిసార్లు కావాలనే పడి, నేల రెండు బారల దూరంలో ఉండగా మాయమై, పగలబడి నవ్వాడు.

గ్లైడర్‌తో పైకి వెళ్ళలేమా?

గ్లైడర్ ఒక్కదానితో వెళ్ళలేం. కింద నుంచి పైకి లేచే గాలి కావాలి. ఆకాశంలో గద్దను ఎప్పుడైనా గమనించారా? రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంది. ఎండకు వేడెక్కిన నేల నుంచి లేచే గాలి దాన్ని మోస్తుంది. ఈ ఆటలోనూ అదే సూత్రం. వేడి ఉన్నచోట గాలి పైకి లేస్తుంది, ఆ గాలిలో గ్లైడర్ తెరిస్తే లిఫ్ట్ ఎక్కినట్టు పైకి పోతారు.

సులువైన దారి గడ్డి తగలబెట్టడం. ఎండు నేల మీద మంచి గడ్డి ఉన్నచోట నిప్పు బాణం వేయండి. రెండో ఆటలోనైతే ఫైర్ ఫ్రూట్ అనే ఎర్రటి పండు విసిరినా అంటుకుంటుంది. మంట పరుచుకుంటుండగా దాని మీదికి గెంతి గ్లైడర్ తెరిస్తే ఒక్కసారిగా పైకి తోస్తుంది. ఇక్కడ జాగ్రత్తలు రెండు. మంటలోనే నిలబడితే మీకూ కాలుతుంది. చేతిలో కర్ర ఆయుధం, చెక్క డాలు ఉంటే అవీ అంటుకుంటాయి. అందుకని ఏదో ఒక బండ మీదో చెట్టు మొద్దు మీదో నిలబడి, కింద మంట పెట్టి, అక్కణ్ణుంచి గెంతడం మేలు. గాలి ఎటు వీస్తే మంట అటు పాకుతుందన్నదీ గుర్తుంచుకోండి. సంక్రాంతికి డాబా మీద గాలిపటం ఎగరేసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, ముందు తల ఎత్తి గాలి ఎటో చూసుకుంటారు.

రెండో ఆటలో ఇంకో మంచి ఏర్పాటుంది. చలిమంట వెలిగించి అందులో పైన్ కాయ పడేయండి. ఆ చిన్న మంటే భగ్గుమని లేచి, గాలి స్తంభంలా పైకి పోతుంది. గడ్డి లేని చోట, రాతి నేల మీద ఇదే గతి. పైన్ చెట్లు కనబడ్డప్పుడల్లా నాలుగు కాయలు ఏరుకోవడం నాకలవాటైపోయింది.

ఇవి కాక రాకెట్ డాలు ఉంది. రెండో ఆటలో జోనై యంత్రాలని కొన్ని దొరుకుతాయి, వాటిలో రాకెట్ ఒకటి. దాన్ని డాలుకు అతికించి, డాలు ఎత్తితే చాలు, లింక్‌ను నిట్టనిలువుగా పైకి తీసుకుపోతుంది. ఒక్కసారికే పనికొస్తుంది, ఆ తర్వాత గ్లైడర్ తెరుచుకోవాలి. ఆకాశం నుంచి అప్పుడప్పుడూ రాతి పలకలు ఊడి పడుతుంటాయి. పడిన పలక మీదికెక్కి రీకాల్ శక్తి వాడితే, అది వచ్చిన దారినే తిరిగి పైకి పోతుంది, మిమ్మల్ని మోసుకుంటూ. ఖర్చు లేని ప్రయాణం ఇదొక్కటే. కాకపోతే పైకి చేరుతున్నప్పుడు పక్కచూపులు చూడకుండా దీవి మీదికి గ్లైడ్ చేసేయాలి, శక్తి గడువు తీరితే పలక మళ్ళీ కిందికే.

వానలో, మంచులో ఎగరొచ్చా?

ఎగరొచ్చు. వానలో గ్లైడర్‌కి ఏమీ కాదు కానీ మంటలు అంటుకోవు, కొండలు జారుతాయి. అంటే దిగడం తేలిక, మళ్ళీ ఎక్కడం నరకం. ఉరుములు మొదలైతే ఒంటి మీదున్న లోహపు కత్తి, డాలు తీసేయండి. నిప్పురవ్వలు కనిపిస్తే పిడుగు మీకోసమే వస్తోందని అర్థం. గాల్లో ఉన్నామని అది జాలి చూపదు.

హెబ్రా మంచు కొండల వైపు వెళ్తే చలికి గుండెలు తరిగిపోతుంటాయి. వెచ్చటి బట్టలు లేకపోతే స్పైసీ పెప్పర్ వేసి వండినవి తినాలి. మిరపకాయ తింటే ఒళ్ళు వేడెక్కుతుందని గుంటూరు వాళ్ళకు ఆట నేర్పక్కర్లేదు.

గాల్లో బాణం వేస్తే అంతా నెమ్మదిగా కదులుతోంది. ఏమైనా పాడైందా?

పాడవలేదు. గ్లైడర్ మీద ఉండగా విల్లు ఎక్కుపెడితే కాలం నెమ్మదిస్తుంది, తీరిగ్గా గురి చూసుకోవచ్చు. ఆ సౌకర్యానికి ధర స్టామినాయే, అదీ గబగబా కరిగిపోతుంది. రెండు బాణాలు వేసి విల్లు దించండి, మళ్ళీ గ్లైడర్ తెరవండి. మొదటి ఆటలో రీటో పక్షిజనం ఊరి దగ్గర ఫ్లైట్ రేంజ్ అని ఒక లోయ ఉంది, అక్కడ ఎప్పుడూ గాలి కింద నుంచి పైకి వీస్తూనే ఉంటుంది. సాధనకు అంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

రీటోల సాయం ఎంతవరకు ఉపయోగం?

మొదటి ఆటలో రీటోల కథ ముగిస్తే రెవాలీ గాలి వస్తుంది. ఎక్స్ నొక్కి పట్టుకుని వదిలితే, నిలబడ్డచోటే గాలి లేచి మిమ్మల్ని పైకి విసురుతుంది. మూడుసార్లు వాడుకోవచ్చు, తర్వాత తిరిగి నిండటానికి 6 నిమిషాలు. ఈ ఆటలో నాలుగు జాతులకు నాలుగు కథలుంటాయి, నన్నడిగితే వాటిలో ముందు రీటోలదే ముగించండి. కొండలెక్కే చాకిరీ చాలావరకు పోతుంది.

రెండో ఆటలో టూలిన్ అనే రీటో పిల్లాడు వెంట వస్తాడు. వాడి గాలి పైకి కాదు, ముందుకి తోస్తుంది. గ్లైడ్ చేస్తుండగా "ఏ" (A) బటన్ నొక్కాలి. ఎత్తు పెద్దగా ఖర్చు కాకుండా దూరం వస్తుంది కాబట్టి పైన చెప్పిన డబ్బు లెక్కలో ఇది ఉచితంగా వచ్చిన సొమ్ము. కాకపోతే నేల మీద పండో ఖనిజమో ఏరబోతే అదే "ఏ" బటన్‌కి పక్కన నిలబడ్డ టూలిన్ అప్పుడప్పుడూ గాలి ఊది, ఏరబోయినవన్నీ ఎగరగొట్టేస్తాడు. తిట్టుకుని ఊరుకోవడమే.

గ్లైడ్ బట్టలు వేసుకుంటే ఎక్కువ దూరం పోతామా?

పోము. పేరు చూసి చాలామంది పొరబడతారు. రెండో ఆటలో మూడు ఆకాశ దీవుల మీద వలయాల్లోంచి దూకే పోటీలు పెడతారు. గెలిస్తే ముసుగు, చొక్కా, లాగు ఒక్కొక్కటే ఇస్తారు. ఇవి పనికొచ్చేది గ్లైడర్ మూసి ఊరికే పడుతున్నప్పుడు, అటూ ఇటూ చురుగ్గా మళ్ళడానికి. అయితే మూడూ కలిపి వేసుకుని, బట్టల బలం పెంచే దేవకన్యల దగ్గర ఒక్కొక్కదాన్నీ రెండేసిసార్లు మెరుగుపరచుకుంటే ఎంత ఎత్తు నుంచి పడ్డా దెబ్బే తగలదు. దానికోసం సంపాదించుకోండి, దూరం కోసం కాదు.

జోనై రెక్క ఎక్కితే ముక్కు కిందికి పెట్టి కూలిపోతోంది. ఎందుకు?

మీరు ముందుకెళ్ళి నిలబడ్డారు కాబట్టి. రెండో ఆటలో దొరికే ఈ రెక్క పెద్ద పక్షి ఆకారంలో ఉండే రాతి పలక. దాని మీద మనమే బరువు. ముందుకు నడిస్తే ముక్కు వంగుతుంది, వెనక్కి జరిగితే లేస్తుంది, ఎడమకు జరిగితే ఎడమకు వాలుతుంది.

ఈ సంగతి ఆట కోసం కల్పించింది కాదు. జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ 1891 నుంచి సొంతంగా కట్టుకున్న గ్లైడర్లకు వేలాడుతూ గుట్టల మీది నుంచి ఎగిరేవాడు. ఆయన దగ్గర స్టీరింగ్ అంటూ వేరే ఏమీ లేదు. నడుము, కాళ్ళు అటూ ఇటూ ఊపి బరువు మార్చడమే ఆయన స్టీరింగ్. సుమారు 2000 సార్లు ఎగిరాడు. 1896 ఆగస్టులో గ్లైడర్ ముక్కు పైకి లేచి, గాలి పట్టు తప్పి కూలింది. మర్నాడు చనిపోయాడు. రైట్ సోదరులు ఆయన రాతలు చదివే ఈ పనిలోకి దిగారు, కానీ బరువు ఊపడం మీద ఆధారపడకుండా రెక్కల చివర్లు మెలితిప్పే పద్ధతి కనిపెట్టారు. రెండో ఆటలో ఆ మలుపుకి సరిసమానమైంది స్టీరింగ్ కర్ర. రెక్క మధ్యలో దాన్ని అతికించి, పట్టుకుని నిలబడితే ఇక నడిచి బరువు మార్చే బాధ లేదు. దొరికిన మొదటి రోజే అతికించండి.

ఇంకో రెండు సంగతులు. రెక్కను చదునైన నేల మీద పెట్టి ఎక్కితే కదలదు. వాలు మీద నుంచో, పట్టాల మీద నుంచో జార్చాలి, లేదా వెనక ఫ్యాన్ అతికించాలి. ఫ్యాన్ బ్యాటరీ తింటుంది, రెక్క తినదు. కానీ రెక్కకు ఆయుష్షు తక్కువ. సుమారు ఒక నిమిషం ఎగిరాక ఆకుపచ్చగా మిణుకుమిణుకుమంటుంది, ఆ వెంటనే మాయమైపోతుంది. మా వాడికి మొదటిసారి ఇది జరిగినప్పుడు ఫోన్‌లో అరుపు విని మా అక్క వంటగది నుంచి పరుగెత్తుకొచ్చింది.

"మామయ్యా, రెక్క పోయింది! కాళ్ళ కింద ఏమీ లేదు!"

"ఎక్స్ నొక్కరా."

"నొక్కా, నొక్కా!"

"మరి తెరుచుకుందా?"

"ఆఁ... తెరుచుకుంది."

మిణుకుమనడం మొదలవగానే రెక్క మీది నుంచి మీరే గెంతేయండి, దాని కోసం ఆగకండి. ఆట మొదట్లో ఆకాశ దీవి మీదే ఈ రెక్కలు కనిపిస్తాయి, అప్పటికింకా మీ దగ్గర గ్లైడర్ ఉండదని మర్చిపోవద్దు. అప్పుడు గాల్లో ఉండగా రెక్క మాయమైతే నేల విడిచి సామే.

రెండు ఫ్యాన్లతో బండి కట్టుకుంటే గ్లైడర్‌తో పనేముంది?

రెండు ఫ్యాన్లు, మధ్యలో ఒక స్టీరింగ్ కర్ర. ఈ మూడూ ఏటవాలుగా అతికిస్తే ఎగిరే బైకు తయారవుతుంది. రెక్కలా నిమిషానికే మాయమవదు, బ్యాటరీ కూడా పొదుపుగానే వాడుతుంది. దీంతో ఎక్కడికైనా పోవచ్చు. నిజమే. నేనూ కట్టాను, వారం రోజులు దాని మీదే తిరిగాను. ఆ వారంలో చూసిన ఊళ్ళేవీ ఇప్పుడు గుర్తు లేవు. మీ ఆట మీ ఇష్టం. బ్యాటరీ అయిపోయిన చోట ఎలాగూ గ్లైడరే దిక్కు.

పాతాళంలోకి దూకేటప్పుడు నేల కనిపించదు. ఎప్పుడు తెరవాలి?

రెండో ఆటలో నేల మీద అక్కడక్కడా పెద్ద బిలాలుంటాయి. దూకితే చాలాసేపు పడుతూనే ఉంటారు, చివరికి చీకటి లోకం. చెట్టు కొమ్మల లెక్క ఇక్కడ పనికిరాదు. నేనైతే వెలుగు పూర్తిగా పోయాక గ్లైడర్ తెరిచి, కాసేపు దిగి, మూసి కొంచెం పడి, మళ్ళీ తెరుస్తాను. స్టామినా కొంచెం ఎక్కువ పోతుంది, పోనివ్వండి. కింద ఎర్రగా మెరిసే బురద కనిపిస్తే అక్కడ దిగకండి. అది తగిలితే పోయిన గుండెలు మామూలు తిండితో తిరిగి రావు. వెలుగు గింజను బాణానికి అతికించి కిందికి వేస్తే నేల ఎక్కడుందో కొంత తెలుస్తుంది.

ఇది ఆడితే నిజం గ్లైడర్ నడపడం వస్తుందా?

రాదు. నిజం గ్లైడర్‌లో అలసిపోయి చేతులు వదిలేసే చక్రం ఉండదు, నేల తాకే ముందు అర సెకను తెరిస్తే సరిపోయే మాయ అసలే ఉండదు. గాలి పైకి లేచే చోటు వెతుక్కోవడం, గమ్యం తెర మీద ఎటు జరుగుతోందో చూడటం, ఎత్తు చాలనప్పుడు ముందే ఒప్పుకుని దగ్గర్లో దిగడం, ఈ మూడు అలవాట్లు మాత్రం అసలు సరుకే.

తెలుగులో ఆడొచ్చా? రూపీలంటే మన రూపాయలేనా?

తెలుగు లేదు, హిందీ కూడా లేదు. ఇంగ్లీషులో పెట్టుకుని పక్కన కూర్చుని పిల్లలకు చెప్పడమే. రూపీలు ఆ ఆటలో రంగురాళ్ళు, పాత జెల్డా ఆటల నుంచీ ఉన్న పేరు. మా అమ్మ మాత్రం మనవడు "ఇరవై రూపీలిచ్చా" అంటే నిజం డబ్బులనుకుని కంగారు పడింది.

గ్లైడర్ గుడ్డ మార్చుకోవచ్చా?

రెండో ఆటలో మార్చుకోవచ్చు. హాటెనో ఊరిలో రంగులద్దే దుకాణం ఉంది, అక్కడ సంపాదించిన గుడ్డలు వేయించుకోవచ్చు. చూడ్డానికే, పనితీరులో తేడా ఏమీ రాదు.

మొదటి పెద్ద దూకుడు ఎక్కణ్ణుంచి దూకితే బాగుంటుంది?

రెండో ఆటలోనైతే లుకౌట్ ల్యాండింగ్‌లోని స్కైవ్యూ టవర్. దేశం మొత్తం మీద ఇలాంటివి 15 ఉన్నాయి, ఇది మొదటిది. ఒంటికి బెల్టులు కట్టి ఫిరంగి గుండులా ఆకాశంలోకి వదులుతుంది. పైన ఒక్క క్షణం అంతా ఆగినట్టుంటుంది, దేశమంతా కింద పరుచుకుని కనిపిస్తుంది. అప్పుడు తొందరపడకండి, గ్లైడర్ తెరవకండి, కెమెరా ఒక్క చుట్టు తిప్పి చూడండి. పడుతున్నంతసేపు ఖర్చేమీ లేదని పైన చెప్పాను కదా. ఎటు పోవాలో నిర్ణయించుకున్నాక తెరవండి.

మా వాడు పైకి పోయాక "ఎటు వెళ్ళను మామయ్యా?" అని అడిగాడు. నీ ఇష్టం అన్నాను. కోట కేసి తిరిగాడు. కోట చేరతాడా లేదా అని గమ్యం తెర మీద ఎటు జరుగుతోందో చూడమన్నాను. "పైకి జరుగుతోంది" అన్నాడు. "అంటే?" అన్నాను. కాసేపు మాటల్లేవు. తర్వాత గ్లైడర్ ఎడమకు తిప్పి, కోటకు ఇవతల, నీళ్ళ ఒడ్డున చెట్ల మధ్య దిగాడు.